ఇల్లు మోసే కూతురు, ఆమె జీతం, మన సినిమా

1976లో ఉద్యోగం చేసుకునే ఇద్దరమ్మాయిలు కొద్ది నెలల తేడాతో తెలుగు తెర మీదికొచ్చారు. ఒకరు 'అంతులేని కథ'లో సరిత, ఇంకొకరు 'సెక్రటరీ'లో జయంతి. జయంతి మా కృష్ణా డెల్టా పిల్ల అనే చెప్పాలి. ఆమెను సృష్టించిన యద్దనపూడి సులోచనారాణిది మొవ్వ మండలంలోని కాజ, ఆమె సరసన హీరోగా వేసిన అక్కినేనిది గుడివాడ పక్కన రామాపురం. జయంతిది ప్రేమ, పంతం, అభిమానం. నవలగా వచ్చినప్పుడే ఇంటింటా చదివారు, సినిమా అయ్యాక మళ్ళీ చూశారు. సరితను ఎవరూ అంత ముచ్చటగా తలుచుకోరు. కానీ ఈ నలభై యాభై ఏళ్ళలో ముదినేపల్లి వైపు ఏ ఇంట్లోనైనా పెళ్ళి కాని కూతురు ఉద్యోగం చేసి అందరినీ సాకుతుంటే, ఇరుగూ పొరుగూ అనే మాట ఒకటే: "దానిది అంతులేని కథలే!" సినిమా చూడనివాళ్ళు కూడా అదే అంటారు.

ఆ సినిమా కథ ఇదీ. తండ్రి సన్యాసం పుచ్చుకుని ఇల్లు వదిలిపోయాడు. తల్లి ఉంది. తాగుబోతు అన్న మూర్తి, అతని పెళ్ళాం, పిల్లలు. మొగుడు పోయి పుట్టింటికి చేరిన చెల్లెలు, పెళ్ళికెదిగిన మరో చెల్లెలు, కళ్ళు లేని తమ్ముడు. ఇంతమందికీ సరిత జీతమే దిక్కు. ఏళ్ళ తరబడి తన కోసం ఎదురుచూసిన తిలక్ మనసు చివరికి వితంతువైన చెల్లెలి మీదికి మళ్ళితే సరితే దగ్గరుండి ఆ పెళ్ళి చేస్తుంది. తర్వాత ఆఫీసులో పై అధికారి పెళ్ళాడతానంటాడు. అప్పటికి అన్న బుద్ధి తెచ్చుకుని ఇంటి భారం నెత్తికెత్తుకున్నాడు కాబట్టి ఆమె ఒప్పుకుంటుంది. తీరా పెళ్ళి వేళకు అన్న హత్యకు గురవుతాడు. సరిత ఆ వరుణ్ణి రెండో చెల్లెలికి అప్పగించి మళ్ళీ ఉద్యోగానికి బయల్దేరుతుంది.

బాలచందర్ దీన్ని 1974లో సుజాతతో తమిళంలో 'అవళ్ ఒరు తొడర్‌కదై'గా తీశాడు. తెలుగులో జయప్రద, తాగుబోతు అన్నగా రజనీకాంత్. తెలుగులో రజనీకి అదే మొదటి సినిమా. ఎమ్మెస్ విశ్వనాథన్ సంగీతం, ఆత్రేయ పాటలు. నవ్వు పుట్టించేట్టు బాలు పాడిన మిమిక్రీ పాట ఇప్పటికీ పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో వినపడుతుంది. ఆ పాట ఎంత దిగులు సినిమాలోదో పెళ్ళివారికి గుర్తుండదు.

జయప్రద పుట్టింది 1962లో. అంటే ఈ సినిమా విడుదలయ్యేనాటికి ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఏడెనిమిది మందిని పోషిస్తూ అలిసిపోయిన ఆడదాని మొహం ఒక పసిపిల్ల మొహం మీద కనపడిందంటే అది నటనా, మేకప్పా, నలుపు తెలుపు కెమెరా చలవా అని ఆలోచిస్తాను. నటనేనని నా నమ్మకం. ముఖ్యంగా ఆ కసురుకునే గొంతు. సరిత మంచిది కాదు అనిపించేట్టు మాట్లాడుతుంది. అన్నకు గడ్డి పెడుతుంది, తల్లిని విసుక్కుంటుంది, ఇంట్లో అడుగుపెట్టగానే అందరూ సర్దుకుని కూర్చుంటారు. అప్పటిదాకా తెలుగు తెర మీద త్యాగం చేసే ఆడవాళ్ళకు కొదవ లేదు గానీ వాళ్ళంతా కన్నీళ్ళు దిగమింగుకుని నవ్వే తల్లులూ వదినలూ. త్యాగం చేస్తూ నోరు పారేసుకునే పిల్ల కొత్త. మనకు ఆమె ఇంకా గుర్తుందంటే ఆ నోరే కారణం.

ఈ కథకు పెద్దక్క కలకత్తాలో ఉంది. రిత్విక్ ఘటక్ 1960లో తీసిన 'మేఘే ఢాకా తారా'. దేశ విభజనతో తూర్పు బెంగాల్ వదిలి వచ్చిన కుటుంబం, శరణార్థుల కాలనీ, బడిపంతులు తండ్రి, పాట తప్ప మరేదీ పట్టని అన్న, ఫ్యాక్టరీలో ప్రమాదానికి గురయ్యే తమ్ముడు, అక్క ప్రేమించినవాణ్ణే కట్టుకునే చెల్లెలు. నీతగా సుప్రియా చౌధురి. నీతకు సరిత నోరు లేదు. చెప్పు తెగితే కుట్టించుకోదు, చేతిలో డబ్బుంటే చెల్లికి చీరా తమ్ముడికి బూట్లూ. చివరికి క్షయ. కొండల మీది ఆసుపత్రిలో ఉన్న నీత దగ్గరికి వెళ్ళేసరికి అన్న బొంబాయిలో పేరు మోసిన గాయకుడయ్యాడు. అంతకాలం మౌనంగా ఉన్న మనిషి అక్కడ ఒక్కసారి బావురుమంటుంది. ఘటక్ ఆ కేకను కొండలన్నిటి మీదా తిప్పాడు. ఊళ్ళో మరో అమ్మాయి చెప్పు తెగుతుంది, ఆమె కూడా నీత లాగే వంగి చూసుకుని కాలీడ్చుకుంటూ పోతుంది. ఇంతకంటే గొప్పగా ఈ విషయాన్ని ఎవరూ తీయలేదు, ఇక తీస్తారన్న ఆశా నాకు లేదు. కానీ నాకు ఘటక్‌తో ఒక పేచీ ఉంది. నీతకు క్షయ తెచ్చాక ఇక ఆ ఇంటి లెక్క ఎవరూ తేల్చక్కర్లేదు. చావు ఆమెను తప్పించింది, వాళ్ళనూ తప్పించింది. బాలచందర్ సరితను చంపలేదు. మర్నాడు మళ్ళీ ఆఫీసుకు పంపాడు. కళలో ఘటక్ ముందు బాలచందర్ దిగదుడుపే కావచ్చు, ఈ ఒక్క చోట మాత్రం ఆయన కథే ఎక్కువ నిజం.

అదే 1960లో జపాన్‌లో మికియో నరూసె తీసిన సినిమా పేరుకు తెలుగు చేస్తే 'ఒక స్త్రీ మెట్లెక్కే వేళ' అవుతుంది. టోక్యో గింజా వీధిలో మేడమీది బారు నడిపే విధవ కీకో. తల్లికి డబ్బు పంపాలి, జైలు తప్పించుకోవడానికి అన్నకు వకీలు ఫీజు కట్టాలి, పోలియో వచ్చిన అన్న కొడుకు కాలికి ఆపరేషన్ చేయించాలి. మగ ఖాతాదారులను నవ్విస్తే గాని ఆ డబ్బు రాదు. రోజూ సాయంత్రం ఆ మెట్లెక్కడం ఆమెకు గిట్టదు, ఎక్కక తప్పదు. ఆ పాత్ర వేసిన హిదెకో తకమినె కూడా పసితనం నుంచీ సినిమాల్లో సంపాదించి చుట్టాలను పోషించిన మనిషే. పద్నాలుగు నిండని జయప్రద గురించి పైన అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఈవిడే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ మూడు కథల్లోనూ ఆ అమ్మాయి పెళ్ళి చేసుకుని, జీతంలో సగం పుట్టింటికి పంపుతూ హాయిగా ఉండొచ్చు కదా? ఎందుకుండదు? సరితనే తీసుకుందాం. పై అధికారి అంటే అంతో ఇంతో ఉన్నవాడే. 'పెళ్ళయినా నా ఉద్యోగం నాది, నా జీతం మా అమ్మది' అని ఆమె ఎందుకు అనదు? కథ అటు పోనే పోదు. ముందు అన్న మారాలి, బరువు ఎత్తుకోవాలి, ఆ తర్వాతే పెళ్ళి. అన్న చచ్చిపోగానే పెళ్ళీ పోయింది. ఆ ఇంటికి ఆమె పెళ్ళీ తమ తిండీ ఒకే ఒరలో ఇమడని రెండు కత్తులు. విమర్శకులు ఈ సినిమాను ఎక్కువగా త్యాగం అన్న మాటతో సరిపెడతారు. త్యాగం అనేది ఇక్కడ ఫలితం. కారణం వేరే ఉంది: మన దగ్గర ఆడపిల్ల జీతం ఆమె మెడలో తాళిని పట్టి నడుస్తుంది. తాళి పడేదాకా అది పుట్టింటిది, పడ్డాక మెట్టినింటిది. ఆమెది ఎప్పుడూ కాదు.

ఇది అర్థం కావాలంటే మా వైపు పెళ్ళిచూపుల్లో ఒకసారి కూర్చోవాలి. గుడివాడ బస్సులో విన్న మాట చెబుతాను. ముదినేపల్లి స్టాండులో ఎక్కిన ఇద్దరు టీచరమ్మలు, ఒకావిడ పెద్దది, ఇంకో పిల్లకు పాతికేళ్ళుంటాయేమో. "ఏమడిగారే?" "అన్నీ అయ్యాక అడిగారు పిన్నిగారూ, తమ్ముడు ఇంకా చదువుతున్నాడటగా, జీతంలోంచి ఏమన్నా పంపుతుంటావా అని." "నువ్వేమన్నావు?" "మా నాన్న అందుకుని, అబ్బే, పెళ్ళయ్యాక మాకెందుకండీ దాని సొమ్ము అన్నారు." పెద్దావిడ కాసేపు ఊరుకుని, "మరి తమ్ముడి ఫీజు?" అంది. ఆ పిల్ల నవ్వి ఊరుకుంది.

ఆ తండ్రి అబద్ధమాడలేదు. కూతురి సొమ్ము తినడం అంటే ఆయనకు నామోషీ. మా వాళ్ళలో పాతకాలం పెద్దవాళ్ళు అల్లుడింట్లో నాలుగు రోజులు వరసగా భోంచేయడానికే మొహమాటపడతారు. అదే కూతురు పెళ్ళికి ముందు ఏడేళ్ళు జీతం తెచ్చి చేతిలో పెడితే దానికి నామోషీ లేదు, ఎందుకంటే అది అప్పుడు 'మన పిల్ల'. పెళ్ళయ్యాక పరాయి. కాబట్టి ఇల్లు గడవాలంటే ఆమె మన పిల్లగానే ఉండిపోవాలి. సంబంధాలు వస్తూనే ఉంటాయి, ఏదో ఒక వంక దొరుకుతూనే ఉంటుంది. ఆ ఇంట్లో ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు. సరిత అన్న లాంటి తాగుబోతు కూడా అక్కర్లేదు.

ఇలాంటి ఒకావిడ పద్దుల పుస్తకం నేను చూశాను. పాత డైరీ, అట్ట ఊడిపోయింది. ఒకటో తారీఖు పేజీ మాత్రం ప్రతి నెలా నలిగిపోయి ఉంటుంది. నాన్న ఇన్సులిన్. చిన్నదాని హాస్టలు. తమ్ముడి బండి కంతు. డ్వాక్రా కంతు, పక్కన బ్రాకెట్లో 'అన్నయ్య' అని. అంటే అప్పు తీసుకుంది తల్లి పేరున, ఖర్చు పెట్టుకుంది అన్నయ్య, కడుతున్నది ఈవిడ. పాలు, కరెంటు, గ్యాసు. చీటీ. అన్నిటికీ ఎదురుగా అంకెలున్నాయి. చివర్లో 'నాకు' అని రాసి, ఎదురుగా ఖాళీ. కొన్ని నెలలు 'నాకు' కూడా రాయలేదు. ఏ సినిమా కంటే కూడా ఆ పేజీలు నాకు ఎక్కువ కథ చెప్పాయి. ఒక్క మాట: ఆవిడ కూడా ఇంట్లో కసురుకుంటుంది. తమ్ముడి పిల్లలు ఆవిణ్ణి చూస్తే హడలిపోతారు. బయట ఎంత నెమ్మదో చెప్పలేను.

బాలచందర్ ఈ గొడవను ముందే ఒకసారి తడిమాడు. 1973లో తీసిన 'అరంగేట్రం'లో గంపెడు పిల్లల పురోహితుడి ఇంట్లో పెద్ద కూతురు లలిత. ఇంటి ఆకలి తీర్చడానికి ఉద్యోగమని బయటికి వెళ్ళి ఒళ్ళమ్ముకునే దారిలో పడుతుంది. ఆ డబ్బుతో తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ పైకొస్తారు, తెలిశాక ఛీ కొడతారు. తెలుగులో అది 'జీవిత రంగం', హిందీలో 'ఆయినా'. అంత మంది పిల్లలెందుకు అన్న కుటుంబ నియంత్రణ పాఠం అందులో ఎక్కువైంది. ఆ పాఠం తీసేసి, ఒళ్ళమ్ముకోవడం తీసేసి, ఆఫీసు ఉద్యోగం పెడితే సరిత తయారవుతుంది. మురికి పని చేసిన డబ్బు కాబట్టి ఛీ కొట్టారు అనుకునే వీలు ప్రేక్షకుడికి పోయింది. ఇక్కడ డబ్బు శుభ్రమైనదే. అయినా ఆమెకు మిగిలింది అంతే.

1981 నాటి 'ఆకలి రాజ్యం'లో కమల్ ఆకలి గురించి అందరూ మాట్లాడతారు. శ్రీదేవి వేసిన దేవి గురించి ఎవరూ మాట్లాడరు. జూదగాడైన తండ్రిని పెట్టుకుని నాటకాలాడి సంపాదించి, ఆ కాస్తా తండ్రి దోచుకుపోతే మళ్ళీ సంపాదించే పిల్ల. ఉద్యోగం దొరకని మగవాడి బాధ ఆ సినిమాకు పెద్ద కథ, ఉద్యోగం వదల్లేని ఆడదాని బాధ చిన్న కథ. నా లెక్కలో రెండోదే గట్టి కథ.

సరిత కథే హిందీలో 1982 నాటి 'జీవన్ ధారా' అయింది. దాని దర్శకుడు తాతినేని రామారావు మా కృష్ణా జిల్లా కపిలేశ్వరపురం మనిషి. రేఖ బాగా చేసింది, కాదనను. కానీ లక్ష్మీకాంత్ ప్యారేలాల్ పాటలూ రంగులూ కలిశాక ఆ ఇంటి ఇరుకు ఎటో పోయింది. నలుపు తెలుపు సినిమాలో ఆ ఇల్లు ఎంత ఇరుకంటే, సరితకు ఒంటరిగా ఏడవడానికి చోటు లేదు కాబట్టి కసురుకుంటోందని అనిపిస్తుంది. ఆ తర్వాత 1983లో బాలచందరే సుహాసినితో కన్నడంలో తీశాడు. బెంగాలీలోనూ ఒకటొచ్చింది, మాలా సిన్హాతో. ఘటక్ ఊళ్ళోకి ఘటక్ కథకు చెల్లెలైన కథ మద్రాసు మీదుగా తిరిగి వెళ్ళిందన్నమాట. వాటి గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ చదువుకున్న ఇళ్ళ కథలు. అక్కడ ఆడపిల్ల సంపాదన అనేది కొత్త సంగతి, అందుకే సినిమా అయింది. మా డెల్టాలో నాట్లూ కలుపులూ కోతలూ చేసిన ఆడవాళ్ళు ఏనాడు సంపాదించలేదని? బొడ్లో డబ్బు దోపుకుని ఇంటికెళ్ళేసరికి సారా దుకాణం నుంచి మొగుడు ఎదురొచ్చేవాడు. వాళ్ళ కథ ఒక్కటే ఒక్కసారి గట్టిగా తెర మీదికొచ్చింది, అదీ బెంగాల్ నుంచి వచ్చిన మృణాల్ సేన్ చేత. 1977 నాటి 'ఒక ఊరి కథ'. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథకు తెలుగు రూపం. దొరల కింద పని చేయడం దండగని తేల్చుకుని ఒళ్ళు వంచని మామ, అతని అడుగుజాడల్లో కొడుకు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నీలమ్మ, మమతా శంకర్, రెక్కలు ముక్కలు చేసుకుని ఇద్దరినీ పోషిస్తుంది. పురిటి నొప్పులతో చచ్చిపోతుంది. మామగా వేసిన వాసుదేవరావు ఎంత బాగా చేశాడంటే, చాలామందికి ఆ సినిమా అంటే ఆయన తత్వమే గుర్తుంటుంది. పని దండగన్న ఆయన తిరుగుబాటుకు బియ్యం ఎక్కణ్ణుంచి వచ్చాయని మాత్రం అడగరు. ఆ బియ్యం నీలమ్మవి.

నీలమ్మల పని కూడా మా దగ్గర మారింది. కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి చుట్టూ వరి చేలు చేపల చెరువులుగా మారుతూ వచ్చాయి. చెరువు తవ్వడం ప్రొక్లెయిన్‌ది, మేత వేయడం, వల లాగడం మగవాళ్ళది. నాట్ల ముఠాలకు పని దినాలు తగ్గాయి. ఆడవాళ్ళు రొయ్యల షెడ్లలో తలలు తీసే పనికి, బందరులో గిల్టు నగల పనికి, పట్నంలో ఇళ్ళల్లో పనికి మళ్ళారు. ఇంకా దూరం వెళ్ళినవాళ్ళున్నారు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్‌కూ మస్కట్‌కూ ఖద్దామా (ఇంటిపని) వీసా మీద వెళ్ళే ఆడవాళ్ళు ఎందరో. పెద్దగా చదువు లేనివాళ్ళు ముప్పై ఏళ్ళు నిండితే గాని ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళకూడదని మన ప్రభుత్వ నిబంధన. ముప్పై అంటే మా ఊళ్ళల్లో అప్పటికి పెళ్ళై, పిల్లలు బళ్ళో ఉంటారు. అంటే ఈ కథలో పోషించేది కూతురు కాదు, తల్లి. పంపిన డబ్బుతో స్లాబు పడుతుంది, ఆడబిడ్డ పెళ్ళవుతుంది, మొగుడు బండి కొంటాడు. ఆమె తిరిగి వచ్చేసరికి ఆ ఇంట్లో తన సామాను పెట్టుకునే అల్మరా ఉండదు. ఈ కథను ఎవరైనా పూర్తిగా తీస్తే చూడాలని ఉంది. మన సినిమాల్లో గల్ఫ్ అనగానే ఎడారిలో మగవాడి కష్టమే ఎక్కువ కనపడుతుంది.

కోడలి సంపాదన మీద మంచి సినిమా మాత్రం ఒకటుంది. 1963 నాటి సత్యజిత్ రాయ్ 'మహానగర్'. ఇల్లిల్లూ తిరిగి అల్లిక యంత్రాలు అమ్మే ఆరతి, చిరు బ్యాంకు ఉద్యోగి మొగుడు, రిటైరైన పంతులు మామ. కోడలి సంపాదన తినడం మామగారికి సుతరామూ ఇష్టం లేదు. ఆ అభిమానంతోనే పాత శిష్యుల ఇళ్ళకు వెళ్ళి చెయ్యి చాస్తాడు. కోడలి దగ్గర పుచ్చుకోవడం అవమానం, శిష్యుల దగ్గర అడుక్కోవడం గురుదక్షిణ! మొదటి జీతం అందుకున్న ఆరతి కొత్త నోట్లు పట్టుకుని అద్దంలో తనను తాను చూసుకునే చోట సినిమా కాసేపు ఆగుతుంది. ఆ క్షణం సరితకు లేదు, నీతకు లేదు. సంపాదనలో సంతోషం కూడా ఉంటుందని మన వాళ్ళు మర్చిపోయారు. జీతం అందగానే ఎవరికేం ఇవ్వాలో లెక్కలేసుకునే పిల్లనే చూపించారు గాని, ఆ జీతం తెచ్చినందుకు లోలోపల కాస్త గర్వపడే పిల్లను చూపించలేదు. ఆ గర్వమే లేకపోతే ఏడేళ్ళపాటు తెల్లారి బస్సు ఎక్కడం ఎవరివల్లా కాదు.

చట్టం ఏమంటోందో కూడా చూద్దాం, ఎందుకంటే ఈ విషయంలో అది సినిమా కంటే ముందే నడిచింది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం వృద్ధులైన, చేతకాని తల్లిదండ్రులను పోషించే బాధ్యత కొడుకుతో సమానంగా కూతురి మీదా పెట్టింది. 1987లో విజయా మనోహర్ అర్బత్ కేసులో సుప్రీంకోర్టు మరో మెట్టెక్కి, పెళ్ళయిన కూతురు కూడా తండ్రికి మనోవర్తి ఇవ్వాల్సిందేనంది. తాళి పడగానే పుట్టింటి బాధ్యత తీరిపోదన్నమాట. మరి హక్కు? అదీ వచ్చింది. నిమ్మకూరు నుంచి వెళ్ళి ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చేసిన సవరణతో ఆంధ్రప్రదేశ్‌లో కూతురికి పిత్రార్జితంలో కొడుకుతో సమాన వాటా దక్కింది. అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకే లెండి. దేశమంతటికీ అది 2005లో గాని రాలేదు.

గమనించాల్సింది ఇంకోటుంది. తల్లిదండ్రులను పోషించమన్న చట్టం, చెట్టంత అన్నను పోషించమని ఎక్కడా అనలేదు. అతని పెళ్ళాం పిల్లలు అతని బాధ్యతే. చట్టం ప్రకారం సరిత మూర్తికి పైసా బాకీ లేదు. ఆమె చేత కట్టించింది చట్టం కాదు, 'తోడబుట్టినవాడు' అన్న మాట. అదే తోడబుట్టినవాడు రిజిస్ట్రారాఫీసుకు తీసుకెళ్ళి పొలంలో వాటాకు హక్కు విడుదల దస్తావేజు రాయించుకున్నప్పుడు, 'పుట్టింటి మీద ప్రేమ' అన్న మాట పనిచేస్తుంది. ఎకరా చెరువు లీజు ఎంత పలుకుతుందో తెలిసిన ఊళ్ళల్లో సైతం ఇలా సంతకం పెట్టే ఆడవాళ్ళు ఎంతమందో!

ప్రభుత్వ కాగితాల్లోనూ తాళి గీత కనపడుతుంది. తండ్రి నౌకరీలో ఉండగా పోతే ఇచ్చే కారుణ్య నియామకం విషయంలో చాలా రాష్ట్రాలు పెళ్ళయిన కూతురిని కుటుంబంలో లెక్కించేవి కావు. కొడుక్కి పెళ్ళయినా ఫరవాలేదు. కర్ణాటకలో ఈ నిబంధనను 2020లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. కేంద్ర ప్రభుత్వ వైద్య పథకంలో పెళ్ళయిన ఉద్యోగిని తన తల్లిదండ్రుల పేర్లయినా రాయొచ్చు, అత్తమామల పేర్లయినా రాయొచ్చు, రెండూ కుదరవు. ఆ దరఖాస్తు నింపిన రాత్రి ఇంట్లో జరిగే పంచాయితీ మీద ఒక సినిమా తీయొచ్చు. రెండు గంటలు చాలవు కూడా.

ఇప్పటి సరితలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో డల్లాస్‌లోనో ఉంటారు. జీతాలు పెరిగాయి, పెళ్ళిళ్ళూ అవుతున్నాయి. 'పుట్టింటికి ఎంత పంపావు' అన్న తగాదా ఇప్పుడు పెళ్ళయ్యాక మొదలవుతోంది. ఇద్దరి పేరునా ఉన్న బ్యాంకు ఖాతా మొగుడి ఫోనులో కూడా తెరుచుకుంటుంది, పంపిన ప్రతి రూపాయీ కనపడుతుంది. అందుకే కొందరు పిల్లలు బోనసు సంగతి ఇంట్లో చెప్పకుండా వేరే ఖాతాలో వేయించుకుని తల్లికి పంపుతారు. సరిత దాచుకోవాల్సిన అవసరం లేని డబ్బును వీళ్ళు దాచి మరీ ఇస్తున్నారు. దీని మీద నేను చూసినంతలో తెలుగులో సరైన సినిమా రాలేదు.

ఈలోగా వచ్చింది 2024 నాటి 'ఫ్యామిలీ స్టార్'. సరిత కథే, మగపిల్లవాడికి పెట్టారు. తాగే అన్న, వదినలు, పిల్లలు, ఒక్కడి సంపాదన. తేడా ఏమిటంటే, ఇతనికి ఫైట్లున్నాయి, పాటలున్నాయి, తనను చూసి ముచ్చటపడే ధనవంతురాలైన హీరోయిన్ ఉంది. ఇల్లు మోసే మగవాడు స్టార్, పేరులోనే చెప్పారు. ఇల్లు మోసే ఆడదాన్ని 'అంతులేని కథ' అన్నారు. నలభై ఎనిమిదేళ్ళ తర్వాత అదే బరువుకు దర్శకుడు చప్పట్లు ఆశించాడంటే, మగవాడు మోస్తే అది గొప్ప, ఆడది మోస్తే అది రాత అన్న లెక్క చెక్కు చెదరలేదనే అర్థం. జనం ఆ సినిమాను పెద్దగా పట్టించుకోలేదు గాని, కారణం ఇది కాదులెండి.

వీటిని వరసగా చూడాలనుకునేవారికి నా సలహా. నరూసె సినిమాతో మొదలుపెట్టండి, అందులో ఎవరూ గొంతు పెంచరు కాబట్టి లెక్కలు స్పష్టంగా కనపడతాయి. తర్వాత 'మహానగర్', ఆ అద్దం దగ్గరి సన్నివేశం కోసం. 'మేఘే ఢాకా తారా' చూసిన రోజు మరొకటి చూడలేరు, ప్రయత్నించకండి. 'ఒక ఊరి కథ' చూసేటప్పుడు వాసుదేవరావు మాటల మధ్యలో నీలమ్మ చేతుల్ని చూడండి. 'అంతులేని కథ' మీకు తెలిసిన కథే, అయినా ఈసారి త్యాగాలు పక్కన పెట్టి, జీతం రోజున ఎవరెవరు ఏమేం అడుగుతారో వినండి. 'జీవన్ ధారా' రేఖ కోసం. 'ఫ్యామిలీ స్టార్' చూడకపోయినా నష్టం లేదు.